నెరెయిదా రెండు కేకలు

నెరెయిదా నోటికి మా వీధంతా జడిసేది, అమ్మగారూ అన్నట్టు దోన్యా అని పిలిచేది. కెన్సింగ్టన్ అవెన్యూలో, పైన రైలు పోయే ఇనుప వంతెన నీడలో, నా కొట్టును ఆనుకునే ఆమె లాండ్రీ. నేను పంది మాంసం కూరిన పస్తెలియోలు వేయించి అమ్ముకుంటాను. ఆమె ఊరి మురికి వదిలిస్తుంది. మా ఇద్దరి మధ్యా ఒక గోడ ఉంది గానీ ఆ సంగతి ఆమె గొంతుకు ఎప్పుడూ తెలియలేదు. మెషీన్‌లో ఎవడైనా బురద బూట్లు పడేస్తే వాడి తాతముత్తాతలు లేచి కూర్చునేలా తిట్టేది. నా కొట్టులో గిరాకీలు తినడం ఆపి మరీ వినేవారు.

అబద్ధం మాత్రం ఆడేది కాదు. అది సుగుణం అని చాలామంది అంటారు. పక్క కొట్టులో వ్యాపారం చేసుకునేవాణ్ణి నన్నడగండి. కొత్త గిరాకీ నా గుమ్మం ఎక్కుతుంటే, "ఏం గోయో, మొన్నటి నూనె ఇంకా పారబొయ్యలేదా?" అని అక్కణ్ణుంచి కేకేసేది. పీక నొక్కేయాలనిపించేది. ఏం చేస్తాం, ఆ మాట నిజమే.

ఆమె ప్యూర్టో రికోలో, ఉతువాదో కొండల్లో పుట్టింది. తండ్రికి ఇక్కడి మిల్లులో పని దొరికితే కుటుంబమంతా ఫిలడెల్ఫియా వచ్చింది. తర్వాత మిల్లూ మూతపడింది, తండ్రీ పోయాడు. తల్లి పోయేనాటికి తమ్ముడు ఎఫ్రాయిన్‌కు ఇంకా పాలపళ్ళు ఊడలేదు. చదువు మానేసి, కర్టెన్లు కుట్టే చోట పనికి చేరి వాణ్ణి పెంచింది. ఒకణ్ణి పెళ్ళాడింది. వాడు ఒకసారి చెయ్యి చేసుకున్నాడు, ఊరుకుంది. రెండోసారి చెయ్యెత్తినప్పుడు ఇస్త్రీ చేస్తూ ఉంది. కాలుతున్న పెట్టెను ఆ చేతికే అంటించి పట్టుకుంది. వాడు ఆ మచ్చ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోతే, వాళ్ళు నవ్వి పంపేశారు. మళ్ళీ ఈ వీధిలో కనిపించలేదు.

ఎఫ్రాయిన్ ఇళ్ళ పైకప్పులు వేసే పనిలో దిగాడు. మంచి పనివాడు, నవ్వు ముఖం. ఒక వానాకాలం కప్పు మీంచి జారి పడ్డాడు. నడుం నొప్పికి డాక్టర్ మాత్రలు రాశాడు. అవి అలవాటయ్యాక రాయడం మానేశాడు. ఆ తర్వాత వాడు ఎటు పోయాడో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు, ప్రతి ఇంట్లోనూ అటు పోయినవాడు ఒకడుంటాడు.

మొదట్లో హెరాయిన్. తర్వాత దాని చోట్లోకి ఫెంటనిల్ వచ్చింది. అది ఎంత గట్టిదో అంత తొందరగా దిగిపోతుంది. సరుకు నిలబడట్లేదని జనం సణిగారు. దాంతో, గుర్రాన్నో ఆవునో కోసి కుట్టేముందు పశువుల డాక్టర్లు పొడిచే మత్తుమందు ఉందే, దాన్ని కలపడం మొదలెట్టారు. అది చవక, చాలాసేపు నిలుస్తుంది. మనిషి నిలువునా నిద్రపోతాడు, నడుం వంగి, తల మోకాళ్ళ దాకా వేలాడుతూ. ఒంటి మీద పుళ్ళు లేస్తాయి, సూది గుచ్చని చోట కూడా. నల్లగా మాడి ఎముక దాకా దిగుతాయి. తర్వాత దాన్నీ మించింది ఇంకోటి వచ్చింది, అదీ జంతువులదే. దాంతో గుండె నిదానిస్తుంది, మానేద్దామని ఆపితే మర్నాటికల్లా వణుకు, వాంతులు, ప్రాణం పోయేంత రక్తపోటు. ముక్కులో కొట్టి బతికించే మందు మా వీధిలో అందరి జేబుల్లోనూ ఉంటుంది. అది ఫెంటనిల్‌ను విరుస్తుంది గానీ ఈ పశువుల మత్తును ముట్టుకోదు. ఊపిరి తిరిగొస్తుంది, మెలకువ రాదు. పశువులకైనా డాక్టర్ తూకం చూసి వేస్తాడు. మనిషికి ఆపాటి మర్యాద కూడా లేకపోయింది.

ఒక పట్టపగలు ఎఫ్రాయిన్ మా కొట్ల ముందే కాలిబాట మీద పడున్నాడు. ఒకడు తాపీగా కూర్చుని వాడి బూట్లు ఊడదీస్తున్నాడు. నెరెయిదా అప్పుడే మెషీన్‌లోంచి తీసిన తడి దుప్పటితో బయటికొచ్చింది. దాన్ని మెలిపెట్టి, కొసన ముడేసి, వాడి చెవి మీద ఒక్కటిచ్చింది. వాడు బోర్లా పడ్డాడు.

"శవాల మీద పేలాలేరుకునే వెధవా! వాడింకా శవం కాలేదురా!"

"పొరపాటైపోయింది దోన్యా! చచ్చాడనుకున్నా!"

"చస్తే తీసుకుంటావా? చస్తే బూట్లు నీ అబ్బ సొత్తా?"

ముడి వాడి ముక్కు మీద, పళ్ళ మీద, వీపు మీద పడుతూనే ఉంది. వాడు ఒక బూటు వదిలేసి, రక్తం కార్చుకుంటూ పాకిపోయాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. ముక్కులో మందు కొట్టింది. లేవలేదు. మళ్ళీ కొట్టింది. ఇంకోటి కొట్టింది.

"ఊపిరాడుతోంది కదే, ఇక ఆపు!" అన్నాను.

"కళ్ళు తెరవనీ, ఆపుతా."

ఇది మా వీధి మొత్తానికి ఉన్న తెలివితక్కువతనం. మనిషి లేచి నిలబడితేనే బతికినట్టు లెక్క. ఊపిరాడుతుంటే చాలని ఎంత చెప్పినా ఎవరికీ నచ్చదు. చివరికి ఎఫ్రాయిన్ ఒక్కసారిగా లేచాడు. నరనరం పీకుతున్నట్టు అరిచాడు, కక్కాడు, ఎదురుగా ఉన్నది ఎవరో కూడా చూడకుండా పిడికిలి విసిరాడు. నెరెయిదా ముందుపన్ను ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. నోటినిండా నెత్తురుతో ఆమె నవ్వింది.

"లేచాడు, చూశావా?"

ఆ రోజే వాడి చొక్కా కుడి చెయ్యి కత్తిరించి చూస్తే లోపల మోచేతి కింద గుంట, కుళ్ళు వాసన. ఆసుపత్రికి లాక్కెళ్ళాం. ఇంకొక్కసారి తీసుకుంటే చెయ్యి తీసెయ్యాలి, మనిషి మిగులుతాడని కూడా చెప్పలేం అన్నారు. ఈసారి వాడికీ భయం పట్టుకుంది. వణుకంతా అక్కడే పడ్డాడు, మంచానికి కట్టేశారు, నర్సు చెయ్యి కొరికాడు, అయినా పారిపోలేదు. అలవాటు మాన్పించే కేంద్రంలో మంచం ఖాళీ అయితే కబురు చేస్తామన్నారు. అప్పటిదాకా లాండ్రీ పైన ఆమె గదిలోనే ఉంచుకుంది. చికెన్ చారు తాగాడు, డామినోలు ఆడాడు, నన్ను ఓడించి వెక్కిరించాడు. ఆ మంచం ఖాళీ అయ్యేదాకా వాణ్ణి మేడ మీద ఆపగలిగితే చెయ్యీ మిగులుతుంది, మనిషీ మిగులుతాడు. నెరెయిదాకు లోకంలో ఇంకో కోరిక లేదు.

సరిగ్గా అప్పుడే కానో కొత్త ముద్ర దింపాడు.

కానో మా పక్క వీధి మూలకు రాజు. సరుకు పొట్లాల మీద రబ్బరు ముద్ర వేస్తారు, ప్రతి మూలకూ దాని ముద్ర ఉంటుంది. కొత్తది వచ్చినప్పుడు పొద్దున్నే కొన్ని పొట్లాలు ఉచితంగా గాల్లోకి విసురుతారు. ఏరుకోవడానికి జనం ఒకరినొకరు తొక్కుకుంటారు. కానో కొత్త ముద్ర కోడిపుంజు. ఆ పొద్దున ఏరుకున్నవాళ్ళలో మైరా అనే పిల్ల ఉంది. చలికి తట్టుకోలేక రోజూ నెరెయిదా లాండ్రీలో బట్టలారబెట్టే మెషీన్లకు వీపు ఆనించి కూర్చునేది, ఊరికే కూర్చోకుండా తువ్వాళ్ళు మడతపెట్టేది. ఆ రోజు మడతపెడుతూనే పక్కకు ఒరిగింది. ముక్కులో మందు కొట్టారు, నోటితో ఊపిరి ఊదారు, ఛాతీ మీద గుద్దారు. తువ్వాలు చేతిలో ఉండగానే పోయింది.

నెరెయిదా వీధిలోకి దూకింది. ఆ గొంతు పైన పోయే రైలును కూడా మింగేసింది.

"కోడిపుంజు ముద్ర ముట్టుకోకండ్రా! చంపేస్తోంది! మనుషులు కుప్పకూలుతున్నారు! అంత పాడు సరుకు ఈ వీధి చూడలేదు!"

నేను పరిగెత్తుకెళ్ళి ఆమె జబ్బ పట్టుకున్నాను.

"నోరు మూసుకో తల్లీ! ఎవరికి చెబుతున్నావో తెలుస్తోందా?"

"చచ్చిందిరా గోయో! నా నేల మీద చచ్చింది! నోరు మూసుకోమంటావా?"

మా వీధిలో పుట్టి పెరిగిన చంటిపిల్లకైనా తెలిసిన సంగతి ఒకటుంది. ఏ ముద్ర తీసుకుని మనుషులు పడిపోతారో ఆ ముద్రకే వరస కడతారు. పడేస్తుందంటే గట్టిదని అర్థం. ఇన్నాళ్ళు నెరెయిదాయే ఈ వెర్రిని తిట్టిపోసేది. కానీ కోపానికి కళ్ళుండవు. లోపలికెళ్ళి తెల్ల దుప్పటి ఒకటి తీసి, దాని మీద నల్ల రంగుతో ఇంతింత అక్షరాలు రాసింది: కోడిపుంజు చంపుతుంది. తీసుకెళ్ళి మేడ కిటికీకి వేలాడదీసింది.

మధ్యాహ్నానికల్లా జనం దిగారు. ఎక్కడెక్కడి కార్లో వచ్చాయి. దుప్పటి కింద నిలబడి నన్నే అడిగారు, "ఆ కోడిపుంజు ఏ మూలన అమ్ముతారన్నా?" అని. ఒకణ్ణి గరిటెతో కొట్టాను. వాడు నెత్తి రుద్దుకుంటూ ఇంకొకణ్ణి అడిగాడు.

కానో స్వయంగా వచ్చాడు, చేతిలో వేడి కాఫీతో.

"దోన్యా, నీ కాళ్ళకు దండం పెట్టాలి. డబ్బులు పోసినా ఇంత ప్రచారం రాదు. ఇదుగో, తాగు, గొంతెండిపోయుంటది."

ఆమె ఆ కాఫీ తీసుకుని వాడి ముఖాన కొట్టింది. చెంప ఎర్రగా కాలింది. వాడి వెనకున్నవాడు పిస్తోలు మీద చెయ్యి వేస్తే కానో ఆపాడు.

"వదిలెయ్. మన కోసం పని చేస్తోంది," అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆ మాట చెవిన పడ్డాక గానీ ఆమెకు దుప్పటి ఎక్కడ కట్టిందో తట్టలేదు. ఎఫ్రాయిన్ పడుకునే గది కిటికీ అది. లోపలున్నవాడికి ఎండలో ఆ అక్షరాలు తిరగబడి కనిపించి ఉంటాయి. మెట్లు ఎక్కి చూస్తే గది ఖాళీ. ఇద్దరం వెతికాం. మూల వెనక, పాత ఫ్యాక్టరీ గోడ పక్కన దొరికాడు. చాలాసేపటి నుంచి పడున్నాడు, పుండున్న కుడి చెయ్యి ఒంటి కింద మడతపడి. ఊపిరుంది. చెయ్యి మాత్రం నీలంగా చల్లబడిపోయింది. ఆ సాయంత్రమే భుజం దగ్గర తీసేశారు.

వాడికి తెలివొచ్చాక ఆమె అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"ఎందుకెళ్ళావురా? చారు పెట్టాను, కాపలా కాశాను, ఎందుకెళ్ళావు?"

"నువ్వబద్ధం చెప్పవు కదక్కా," అన్నాడు ఎఫ్రాయిన్. "అంత గట్టిదని నువ్వే రాశావు. మిగతా వాళ్ళెవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు."

ఆమె బయటికొచ్చి, ఆసుపత్రి గోడకేసి తన నుదురు బాదుకుంది. నేను వెనక్కి లాగేలోపు చర్మం చిట్లింది. ఆడమనిషి ఏడిస్తే ఓదార్చడం నాకు చేతనవును. ఆమె ఏడవలేదు, అందుకే నాకు భయమేసింది.

కుట్లు మానగానే వాణ్ణి నేరుగా కేంద్రానికి పంపుతామన్నారు, మంచం దొరికింది. ఈ కాస్త రోజులు గడవాలి. పోతానన్నవాణ్ణి ఆసుపత్రివాళ్ళు ఎన్నాళ్ళో కట్టేసి ఆపలేరు. మూలన కోడిపుంజు ఉన్నంతకాలం వాడి మనసు అక్కడే ఉంటుంది. ఇది ఆలోచించి ఆలోచించి, నెరెయిదా జన్మలో చెయ్యని పని చేసింది. మర్నాడు పొద్దున, ఉచితంగా విసిరే వేళకు, జనం నిండుగా ఉన్నప్పుడు మూలకు వెళ్ళి నిలబడింది.

"పిండి!" అని అరిచింది. "కోడిపుంజంతా పిండేరా పిచ్చి సన్నాసుల్లారా! కానో మిమ్మల్ని వెధవల్ని చేస్తున్నాడు! రెండు పొట్లాలు ఎక్కించుకున్నోడికి ఆవలింత కూడా రాలేదు!"

వరసలో ఒకడు తిరిగి చూశాడు. "దోన్యా నెరెయిదా కదూ? ఆమె అబద్ధం చెప్పదు."

ఇంకొకడు అమ్మేవాడి మెడ పట్టుకున్నాడు. "నిన్న నాకు సరిగా ఎక్కలేదు, అందుకేనా? పిండి అమ్ముతావురా నాకు?" వాడు తోశాడు. వీడు సీసా పగలగొట్టాడు. అమ్మేవాడి చెవి తెగి మెడ మీదికి వేలాడింది. తర్వాత ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. ఇటుకలు లేచాయి. చక్రాల కుర్చీలో ఉన్నవాడు కూడా ఊతకర్రతో బాదాడు. పోలీసులొచ్చేసరికి మూల ఖాళీ, నేలంతా నెత్తురు, పళ్ళు, తొక్కిన పొట్లాలు. మధ్యాహ్నానికి కోడిపుంజును కొనేవాడు లేడు. నెరెయిదా నా కొట్టుకొచ్చి రెండు పస్తెలియోలు తింది. ఒక్క అబద్ధానికి ఇంత బలం ఉంటుందని తెలిస్తే చిన్నప్పుడే మొదలెట్టేదాన్ని అంది. ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు లాండ్రీ తెరవగానే కానో ఇద్దరితో వచ్చాడు. ముందు మెషీన్ల అద్దాలు పగలగొట్టారు. ఆమె తడి దుప్పటి ఝుళిపించింది, ఒకడి కన్ను వాచింది. అంతే, ఇనపగొట్టం ఆమె మోకాలి మీద పడింది. గోడకివతల నుంచి నాకు ఎముక చప్పుడు వినిపించింది. మరిగే నూనె మూకుడుతోనే పరిగెత్తాను. ఒకడి వీపు మీద గుమ్మరించాను, వాడు చర్మం ఊడేలా దొర్లాడు. రెండోవాడు నా తల మీద కొట్టాడు. కింద పడి, కళ్ళలోకి కారే నెత్తురులోంచి చూస్తూ ఉండిపోయాను. నిజం చెప్పాలంటే అలా చూడ్డం కంటే స్పృహ తప్పిపోయినా బాగుండేది.

కానో ఆమె కుడి చేతి వేళ్ళను మెషీన్ తలుపు సందులో పెట్టాడు.

"బయటికొచ్చి నిజం చెప్పు. అది పిండా?"

"పిండే."

తలుపు మూశాడు. ఆమె అరుపు, మళ్ళీ తలుపు.

"చంపుద్ది అని నువ్వే రాశావు కదే! ఆ మాట మళ్ళీ చెప్పు. చెప్తే వదిలేస్తా."

ఆమె వాడి ముఖాన ఉమ్మింది. "పిండి. మీ అమ్మ రొట్టెలు చేసుకునే పిండి."

గొట్టం ఆమె దవడ మీద దిగింది. రెండుసార్లు. రెండోదానికి కింది దవడ పక్కకు జరిగిపోయింది. ఆ తర్వాత ఆమె ఏమీ అనలేకపోయింది. వాళ్ళు వెళ్ళేముందు నా నూనెలో కాలు జారి కానో ఒకసారి పడ్డాడు, అంతమాత్రం సంతోషం దేవుడు నాకిచ్చాడు.

ఎఫ్రాయిన్ ఉన్న ఆసుపత్రికే మమ్మల్నీ తీసుకెళ్ళారు. ఆమె దవడను తీగలతో బిగించారు, వేళ్ళకూ మోకాలికీ కట్లు కట్టారు. నా తలకు కుట్లు వేసి ఆమె పక్క మంచం మీదే పడుకోబెట్టారు. మర్నాడు ఎఫ్రాయిన్ మా అంతస్తుకు వచ్చాడు. ఒక భుజం ఖాళీగా, ఆసుపత్రి బట్టల మీద ఎవరిదో కోటు. అక్క మంచం మీద కూర్చుని, ఉన్న చేత్తో ఆమె జుట్టు సవరించి వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకున్నాడు. వాడి గొంతు మారింది. ఆ మార్పు మా వీధిలో ఎవరైనా గుర్తుపడతారు.

"అక్కా, ఒకటి అడుగుతా. మూలన నువ్వు అరిచావంట. అది నిజంగా పిండేనా?"

నోరు తెరవడానికి లేదు కదా, ఆమె తలూపింది. పిండే అని. గట్టిగా, మళ్ళీ మళ్ళీ ఊపింది. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఊపింది.

వాడు ఆమె వాచిన ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"పిండి కోసం ఎవడైనా దవడ విరగ్గొడతాడా అక్కా?" అన్నాడు మెల్లగా.

లేచాడు. ఆమె కట్టు చేత్తోనే వాడి కోటు పట్టుకుంది. విరిగిన వేళ్ళు ఎంతసేపు పట్టుకుంటాయి. వాడు విడిపించుకున్నాడు. ఆమె బిగించిన పళ్ళ వెనక నుంచి ఒక మూలుగు వచ్చింది, వీధినంతా లేపే ఆ గొంతు అక్కడే ఆగిపోయింది. నేను కేకలేస్తూ మంచం దిగాను, కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. నర్సులు వచ్చేలోపు వాడు లిఫ్ట్ దిగిపోయాడు.

మూలకు తిరిగి గిరాకీ వచ్చిందని తర్వాత తెలిసింది. దోన్యా నెరెయిదా దవడ విరగ్గొట్టారంటే సరుకు అసలుదే అయ్యుంటుందని అందరూ ఎఫ్రాయిన్ లాగే లెక్కేశారు. వాడు వంతెన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. జనవరి చలి. పగలంతా వాడి ముందు నుంచి మనుషులు నడిచారు. అక్కడ అలా కూర్చుని నిద్రపోయేవాళ్ళు బోలెడంతమంది, వాడూ నిద్రపోతున్నాడనుకున్నారు. ఒకావిడ దుప్పటి కూడా కప్పి పోయిందట. సాయంత్రం పోలీసు తట్టి చూసేసరికి బిగుసుకుపోయి ఉన్నాడు.

తీగలు తీసిన రోజు నెరెయిదా నా కొట్టుకొచ్చింది. దవడ వంకరగా అతికింది, మాట ముద్దగా వస్తోంది. కాఫీ పోశాను, ముట్టుకోలేదు.

"నిజం చెప్తే వెళ్ళాడు," అంది. "అబద్ధం చెప్తే వెళ్ళాడు. అసలు నోరే మెదపకుండా ఉంటే బతికుండేవాడా గోయో?"

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. అయినా ఆమె మీదే అరిచాను.

"చంపింది వాళ్ళే! నీ నోరు కాదు! ఆ మాట ఇంకోసారి అన్నావంటే నా కొట్టు గడప తొక్కనివ్వను!"

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను చెప్పింది నిజమా, అబద్ధమా అని వెతుకుతోంది. నేను కళ్ళు తిప్పుకుని పొయ్యి వైపు తిరిగాను.